విండోస్ 7లో వైరస్ తీసేసినా మళ్లీ వస్తోందా? ముందు 445 పోర్టు చూడండి

సమస్య: యాంటీవైరస్‌తో శుభ్రం చేశాక గంటో రెండు గంటలో బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఫ్యాన్ హోరు, సీపీయూ 100 శాతం, బిల్లు కొడదామంటే మౌస్ కదలదు. నెట్‌వర్క్ కేబుల్ పీకేస్తే మళ్లీ బాగానే పనిచేస్తుంది. ఒక్కోసారి ఎస్ఆర్‌వీనెట్ డాట్ సిస్ (srvnet.sys) పేరుతో బ్లూ స్క్రీన్ కూడా వస్తుంది.

కారణం: అందరూ ముందు పెన్‌డ్రైవ్‌నే అనుమానిస్తారు. కానీ ఇలా తిరగబెట్టేది ఎక్కువగా పక్క కంప్యూటర్ నుంచే. ఫైల్ షేరింగ్‌కి విండోస్ వాడే పాత పద్ధతి ఎస్ఎంబీ1 (SMB1). అది 445 పోర్టు (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే తలుపు లాంటిది) మీద నడుస్తుంది. అందులో ఉన్న లోపం గుండా వైరస్ వస్తుంది, మీరు ఏదీ క్లిక్ చేయనక్కర్లేదు. 2017 మే 12న వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాకింది ఈ దారినే. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ (అప్‌డేట్) మాత్రం రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. వేసుకోని కంప్యూటర్లు ఇప్పటికీ కనిపిస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ -ఏఎన్ఓ (netstat -ano) కొట్టాను. కంప్యూటర్ ఎవరెవరితో కనెక్ట్ అవుతోందో అది చూపిస్తుంది. చివర్లో 2, 3, 4, 5... ఇలా వరసగా ఐపీలు (కంప్యూటర్ల అడ్రస్‌లు), అన్నిటి పక్కనా 445, అన్నీ సిన్ సెంట్ (SYN_SENT, అంటే కనెక్షన్ అడిగి జవాబు కోసం చూస్తున్న) స్థితిలోనే. అంటే ఆ కంప్యూటరే ఇంటింటికీ తిరిగి తలుపు తడుతోంది. మీకూ ఇలాగే కనిపిస్తే ఇక సందేహం లేదు.

పరిష్కారం: ముందు అన్ని కంప్యూటర్ల కేబుళ్లూ పీకండి. ఒక్కటి వదిలినా చేసిన పనంతా వృథా. తర్వాత ఒక్కోదానికీ కేబీ4012212 (KB4012212) ప్యాచ్ వేయండి (సర్వీస్ ప్యాక్ 1 ఉండాలి). రెజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోటు) ల్యాన్‌మ్యాన్‌సర్వర్ (LanmanServer) కింద పారామీటర్స్‌లో (Parameters) SMB1 పేరుతో డీవర్డ్ (DWORD) విలువ చేసి 0 ఇచ్చి, రీస్టార్ట్ చేయండి. ఫోల్డర్లు షేర్ చేయని కంప్యూటర్లలో ఫైర్‌వాల్ ఇన్‌బౌండ్ రూల్స్‌లో (బయటి నుంచి వచ్చేవాటికి నియమాలు) టీసీపీ 445 పోర్టుని బ్లాక్ చేయండి. వైరస్ స్కాన్ వీటన్నిటి తర్వాతే.

పాత జిరాక్స్ మెషీన్ నుంచి కంప్యూటర్ ఫోల్డర్‌లోకి స్కాన్లు రావడం ఆగిపోవచ్చు. దానికోసం ఎస్ఎంబీ1 మళ్లీ ఆన్ చేయకండి, స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. విండోస్ ఎక్స్‌పీకైతే ఫైల్ షేరింగ్‌కి ఎస్ఎంబీ1 తప్ప వేరే దారి లేదు, దాన్ని నెట్‌వర్క్‌లోంచే తీసేయాలి.

సమస్య: బ్లూ స్క్రీన్‌లో టెర్మ్‌డీడీ డాట్ సిస్ (termdd.sys) అని వస్తోంది.

ఆఫీసు కంప్యూటర్‌ని ఇంటి నుంచి చూసుకోవడానికి రిమోట్ డెస్క్‌టాప్ వాడుతూ, దానికోసం రౌటర్‌లో 3389 పోర్టు తెరిచారేమో (పోర్ట్ ఫార్వర్డింగ్) చూడండి. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపం ఆ రిమోట్ డెస్క్‌టాప్‌దే. ఫార్వర్డింగ్ ఈరోజే తీసేయండి, కేబీ4499175 (KB4499175) ప్యాచ్ వేయండి.

ల్యాబ్ సాఫ్ట్‌వేర్ విండోస్ 7 మీదే నడుస్తుందంటే సరే, నడవనివ్వండి. దానికి నెట్ అక్కర్లేకపోతే ఐపీ సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ గేట్‌వే (బయటి ఇంటర్నెట్‌కి దారి చూపే అడ్రస్) ఖాళీగా వదిలేయండి, లోపలి నెట్‌వర్క్ పనిచేస్తుంది. ఇప్పుడు రెండు కంప్యూటర్లకే కేబుల్ పెట్టి రాత్రంతా ఆన్‌లో ఉంచండి. పొద్దున్న నెట్‌స్టాట్‌లో 445 వరస కనిపించకపోతే మూడోది కలపండి.