డే కేర్‌లో చేర్చే ముందు అనుమతులు, తనిఖీల సంగతి ఎలా తేల్చుకోవాలి?

హైదరాబాద్‌లో ఏ పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడినా డే కేర్ బోర్డు ఒకటి కనిపిస్తుంది. బోర్డు ఉందంటే ప్రభుత్వ అనుమతి ఉండే ఉంటుందని, ఎవరో ఒక అధికారి వచ్చి చూసి వెళ్తూనే ఉంటారని నేనూ నమ్మాను. కానీ ప్రైవేటు డే కేర్లన్నింటికీ ఒకే లైసెన్సు, ఏటా ఒక తనిఖీ అనే ఏర్పాటు మనకు లేదు. ఉన్న నియమాలు నాలుగైదు చట్టాల్లో, మార్గదర్శకాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని పోగుచేసుకుని అడగాల్సింది తల్లిదండ్రులే.

మొదట, మీరు చూస్తున్నది ఏ కోవలోదో తెలుసుకోండి. అంగన్‌వాడీ అయితే పై అధికారులు ఉన్నారు: సూపర్‌వైజర్, ఆపైన సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి), ఆపైన జిల్లా సంక్షేమ అధికారి. ఆఫీసు నడిపే శిశు సంరక్షణ కేంద్రమైతే ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో తెచ్చిన సవరణలోని నియమం వర్తిస్తుంది; 2025 నవంబరు నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ ఆ వసతి కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలున్నాయి: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక టీచరు, ఒక ఆయా.

మిగిలింది వీధి చివరి డే కేర్. ఎక్కువమందిమి వెళ్లేది అక్కడికే, నియమాలు పలచగా ఉన్నదీ అక్కడే. ఆఫీసు కేంద్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలనే ఇక్కడా కొలబద్దగా పెట్టుకోండి. మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక సంరక్షకురాలు ఉండాలన్నది అందులోని లెక్క.

తర్వాత కాగితాలు అడగండి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక ఏర్పాట్ల పత్రాలు, అక్కడే వండి పెడుతుంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు, సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్. ఈ చివరిది ఆయాలకే కాదు, వంటమనిషికి, వ్యాను డ్రైవరుకు కూడా ఉందేమో చూడండి. అడిగితే ముఖం ముడుచుకునే చోట బిడ్డను వదలకండి.

అన్నింటికన్నా ముఖ్యం కళ్లతో చూడటం. నేను వెళ్లిన ఒకచోట బల్ల మీద హాజరు పుస్తకం తెరిచి ఉంది. అప్పుడు సమయం ఉదయం పదకొండు. పిల్లలు ఇంటికి వెళ్లిన సమయం రాసే గడిలో అందరికీ సాయంత్రం ఆరు అని అప్పటికే నింపేసి ఉంది, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో. ఇదేమిటమ్మా అని ఆయాను అడిగాను. "సాయంత్రం తీరిక ఉండదు మేడమ్, అందుకే ముందే రాసేస్తాం" అంది. ఏ బిడ్డను ఎవరు తీసుకెళ్లారో రేపు ఆ పుస్తకం చూసి ఎవరు చెప్పగలరు? మా పాపను అక్కడ చేర్చలేదు.

మీరు ఒకసారి మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య చెప్పకుండా వెళ్లండి. పిల్లలు నిద్రపోయే, ఆయాలు భోజనం చేసే వేళ అది. పడుకున్న పిల్లల దగ్గర మేలుకుని ఉన్న పెద్దవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. బాల్కనీకి గ్రిల్ ఉందా, ప్లగ్గులకు మూతలున్నాయా చూడండి. బాత్రూంలో నీళ్లు నిండిన బకెట్ ఉంటే అక్కడే చెప్పి ఒంపించండి. తప్పటడుగుల బిడ్డకు ఆ నీళ్లు చాలు ప్రాణం మీదికి రావడానికి.

చేర్చాక ఒంటి మీద దెబ్బలు, కారణం తెలియని భయం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. ప్రమాదం ఆ క్షణానే ఉంటే అత్యవసర నంబరు 112. సంరక్షణ సంస్థ సిబ్బందే బిడ్డను హింసిస్తే బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. బిడ్డపై లైంగిక దాడి జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం అంటోంది. అంటే డే కేర్ యజమాని "మనలో మనం సర్దుకుందాం" అనడమే నేరానికి దారితీస్తుంది.

రాతపూర్వక ఫిర్యాదు జిల్లా సంక్షేమ అధికారికి, దాని నకలు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఇవ్వండి. ఇక్కడ చాలామంది తడబడతారు: నగరంలోనే ఉన్నా గచ్చిబౌలి, కొండాపూర్ వాళ్లు వెళ్లాల్సింది రంగారెడ్డి జిల్లా కార్యాలయానికి, కూకట్‌పల్లి వాళ్లు మేడ్చల్ మల్కాజిగిరికి. అంతకన్నా ముందు, అదే రోజు, సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని డే కేర్‌కు రాసివ్వండి. పాత రికార్డింగు మీద కొత్తది పడుతూ పోతుంది. ఆ కాగితం నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాకే అక్కడి నుంచి కదలండి.