పెద్ద ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూ: ‘మేము’ మానేసి ‘నేను’ అనడం ఎలా?

ప్రొడక్ట్ మేనేజర్ అంటే యాప్‌లో, సేవలో ఏది ఎందుకు మార్చాలో తేల్చే మనిషి. తిరుపతిలో ఉంటూనే ఈ ఇంటర్వ్యూలు చాలా ఇచ్చాను, తర్వాత అవతలి కుర్చీలో కూర్చుని చాలామందిని ప్రశ్నలు అడిగాను, ఇప్పుడు ఆదివారాలు మా మిద్దె మీద పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడుతున్నాను. బాగా పని చేసిన వాళ్లు కూడా ఒకే చోట దెబ్బతింటున్నారు, చూసి చూసి ఇక ఆగలేక రాస్తున్నాను. అమెజాన్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతాను. వాళ్ల పద్ధతి అందరికీ తెలిసిందే, అక్కడికి తయారైతే మిగతా చోట్ల కూడా చాలావరకు సరిపోతుంది.

1. కావలసినవి

ల్యాప్‌టాప్, మంచి నెట్, కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్, ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, మంచినీళ్లు. స్లాట్ ఉదయం 11 గంటలకే అడగండి, భోజనం తర్వాత వద్దు. బెంగళూరు రమ్మంటే ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరండి. రాత్రి బస్సులో పలమనేరు, కోలారు మీదుగా నిద్ర లేకుండా పోయి, బస్టాండులో మొహం కడుక్కుని నేరుగా ఇంటర్వ్యూకి వెళ్లొద్దు.

2. వాళ్లు ఏం చూస్తారు

ముందు ఫోన్ రౌండ్ ఉంటుంది. అది దాటితే లూప్, అంటే వరసగా నాలుగైదు ఇంటర్వ్యూలు, ఒక్కొక్కటి సుమారు గంట. అమెజాన్‌కు 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్, అంటే అక్కడివాళ్లు ఎలా ఆలోచించి పని చేయాలో చెప్పే సూత్రాలు, ఉన్నాయి (అంతకుముందు 14, 2021లో రెండు కలిపారు). ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని పంచుకుని ప్రశ్నలు వేస్తారు. వాళ్లలో ఒకరు బార్ రైజర్, మిమ్మల్ని తీసుకునే టీమ్‌కు సంబంధం లేని మనిషి. ఆ మనిషి వద్దంటే ఉద్యోగం రావడం కష్టం. ఇంతకన్నా ఎక్కువ తెలుసుకోనక్కర్లేదు.

3. మీ కథలు రాయండి. అసలు పని ఇదే

మీరు ఉద్యోగంలో నిజంగా చేసిన పనుల గురించి ఎనిమిది కథలు. ఆరు చాలవు, పన్నెండు గుర్తుండవు. ప్రతి కథలో సందర్భం, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం ఉండాలి. దీన్నే స్టార్ పద్ధతి అంటారు, ఇది అందరికీ తెలుసు. తెలిసి కూడా తప్పుతున్నారు. పదిమందిలో ఎనిమిది మంది సందర్భం చెప్పడానికే నాలుగు నిమిషాలు తీసుకుంటారు, చేసిన పని దగ్గరికి వచ్చేసరికి ‘మేం చేశాం’ అని ఒక్క ముక్కలో ముగిస్తారు.

ఇందులో మన భాష అలవాటు కూడా ఉంది. మనం ‘నా ఇల్లు’ అనం, ఒక్కడే ఉంటున్నా ‘మా ఇల్లు’ అంటాం. ‘నేను చేశాను’ అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఇంగ్లీషులో మాట్లాడినా అదే ‘వీ’, ‘వీ’ అని వస్తుంది. అవతలి మనిషి రాసుకునేది మాత్రం మీరొక్కరు ఏం చేశారన్నదే, టీమ్‌కు వాళ్లు ఉద్యోగం ఇవ్వడం లేదు కదా.

పోయిన వేసవిలో చిత్తూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, డెలివరీ హబ్‌లో పని చేసేది. “రిటర్న్‌లు తగ్గించాం అన్నా” అంది. ఎవరు తగ్గించారమ్మా అంటే “టీమ్” అంది. షీట్ ఎవరు తీశారు? “నేనే.” ఎన్ని రోజులది? “నెల రోజులది.” అలా ఒక్కొక్కటే అడిగితే అసలు కథ బయటికి వచ్చింది. ‘డోర్ లాక్’ అని తిరిగొచ్చిన పార్సిళ్లన్నీ ఈ అమ్మాయి ఒక్కొక్కటిగా చూసింది. ఎక్కువ భాగం రెండే వీధులవి, అక్కడ షాపుల్లో పనిచేసేవాళ్లు ఉంటారు, పొద్దున పదికి వెళ్తే సాయంత్రం ఆరు దాటాకే ఇల్లు చేరతారు. డెలివరీ అబ్బాయి మాత్రం రోజూ పదకొండుకే అక్కడికి పోతున్నాడు. ఆ వీధులను రూట్‌లో చివరికి మార్చమంటే సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు, రెండు వారాలు చూద్దాం సార్ అని అడిగి ఒప్పించింది. ఆ రూట్‌లో రోజుకు 22 తిరిగొచ్చేవి, 13కు దిగాయి. ఇంత పని చేసి ‘రిటర్న్‌లు తగ్గించాం’ అని రెండు ముక్కల్లో వదిలేసింది! ఆ 16 సూత్రాల్లో మూడు ఆ ఒక్క కథలోనే ఉన్నాయి: డైవ్ డీప్ (లోతుగా తవ్వి చూడడం) ఉంది, ఓనర్‌షిప్ (పని తనదే అనుకోవడం) ఉంది, పై వాళ్లతో విభేదించి నిలబడడం ఉంది.

కాబట్టి రాసేటప్పుడు ప్రతి ‘మేము’ కింద గీత గీసి, ఆ పని ఎవరు చేశారో వాళ్ల పేరు రాయండి. మీ పేరు రాని చోట ఆ పని ఎవరు చేశారో నిజాయితీగా చెప్పండి. ఇతరుల పని మీ ఖాతాలో వేసుకోవడం నేను చెప్పడం లేదు, మీ పనిని మీరు వదిలేయొద్దు అంటున్నాను.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. ఒక పెద్ద కంపెనీలో నాకు పోయింది ఇక్కడే. ఫలితం ఎంత అని అడిగితే గుర్తులేక నోటికొచ్చిన శాతం చెప్పాను, తర్వాతి రౌండ్‌లో అదే కథకు వేరే శాతం చెప్పాను. లూప్ అయ్యాక వాళ్లంతా కూర్చుని నోట్స్ పోల్చుకుంటారు. గుర్తులేకపోతే ‘కచ్చితమైన అంకె గుర్తులేదు, ఇంత నుంచి ఇంత మధ్య’ అనండి, తప్పు లేదు. ప్రతి కథకూ ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగించుకోండి, ఐదో దానికి కూడా మీ దగ్గర జవాబు ఉండాలి.

కథలు చేత్తోనే రాయాలి. వీడియోలు చూసి ఫ్రేమ్‌వర్క్‌లు (జవాబు చెప్పే రెడీమేడ్ చట్రాలు) బట్టీ పట్టినవాళ్లు మొదటి ప్రశ్నకు బాగా చెబుతారు, మూడో ప్రశ్నకు తడబడతారు. ఇప్పుడు ఏఐతో రాయించుకుని వస్తున్నారు, ఆ కథల్లో ఆ రెండు వీధులు ఉండవు.

4. ప్రొడక్ట్ ప్రశ్నలు

‘517501 పిన్‌కోడ్‌లో గత వారం ఆర్డర్లు తగ్గాయి, ఏం చేస్తారు?’ అని అడిగారనుకోండి. మనవాళ్లు వెంటనే బ్రహ్మోత్సవాల రద్దీ అంటారు. ఆగండి. ఆర్డర్ అంటే పెట్టిందా, డెలివరీ అయిందా? తిరుపతిలోనేనా, చిత్తూరు, నెల్లూరులో కూడానా? యాప్‌లోనా, వెబ్‌సైట్‌లోనా? క్యాష్ ఆన్ డెలివరీలోనా, యూపీఐలోనా? ముందు కంపెనీ లోపల వెతకండి: స్టాక్ అయిపోయిందా, రెండు రోజుల్లో వస్తుందని చూపించేది ఐదు రోజులని చూపిస్తోందా. బయటి కారణాలు ఆ తర్వాత.

5. రాత పరీక్ష

చాలా ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగాలకు ఒకటి రెండు పేజీలు రాసి పంపమంటారు. అమెజాన్ మీటింగుల్లో 2004లోనే పవర్‌పాయింట్ మానేసి పేజీలు రాయడం మొదలుపెట్టారు. కొత్త ప్రొడక్ట్ అనుకుంటే ముందు దాని పత్రికా ప్రకటన రాస్తారు, తర్వాతే తయారీ. అందుకే బుల్లెట్ పాయింట్లు వద్దు, పూర్తి వాక్యాలు రాయండి.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అంటారు. జీతం, సెలవులు అప్పుడు అడగొద్దు, అవి హెచ్‌ఆర్‌తో మాట్లాడుకోవచ్చు. ‘ఈ టీమ్‌లో ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఇబ్బంది పెడుతున్న కస్టమర్ ఫిర్యాదు ఏది?’ అని అడిగి, వాళ్లు చెప్పేది నోట్‌బుక్‌లో రాసుకోండి.