రైఫిల్ తూటా పాఠాలు – 3: అడుగున అక్షరాలు, గోడలో తేడాలు

ఈసారి .308 విన్‌చెస్టర్ రకం రైఫిల్ తూటా కాల్చాక మిగిలే ఖాళీ కేస్‌లే, అంటే ఇత్తడి గొట్టాలే, మన పాఠం. బల్ల మీద ఒక భూతద్దం, గ్రెయిన్‌లో (తూటాల బరువు కొలత, సుమారు 0.065 గ్రాము) పదో వంతు చూపే కాటా, నీళ్లు చుక్కలుగా పోసే ఖాళీ సీసా పెట్టుకోండి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇక్కడ నేర్పేది ఖాళీ కేస్‌ను పరీక్షించడం వరకే.

పెట్టె మీది పేరు అమ్మినవాడిది. కేస్ ఎవరిదో తెలియాలంటే తిరగేసి అడుగు చూడాలి. ఎల్‌సి అని, పక్కన రెండంకెలు ఉంటే అది అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని లేక్ సిటీ సైనిక కర్మాగారం సరుకు. అంకెలు తయారైన సంవత్సరం. 2020 అక్టోబరు నుంచి దాన్ని ఒలిన్ విన్‌చెస్టర్ నడుపుతోంది. అక్కడి తూటాలు వేరే కంపెనీ పెట్టెల్లోనూ బజారుకొస్తాయి, అడుగున మాత్రం తరచూ ఎల్‌సి అనే ఉంటుంది. ఆర్-పి అంటే రెమింగ్టన్-పీటర్స్. పీటర్స్‌ను రెమింగ్టన్ 1934లోనే కొనేసింది, అక్షరం మాత్రం మిగిలింది. మన దేశపు సరుకైతే కెఎఫ్ అంటే కిర్కీ, ఓఎఫ్‌వి అంటే వరణ్‌గావ్ తూటాల కర్మాగారం.

అక్షరాలు ఒకటే అయినా సరుకు ఒకటే అనుకోకండి. ఒకే ముద్రతో ఏళ్ల తరబడి వేర్వేరు అచ్చుల మీద కేస్‌లు చేస్తారు. అందుకే పెట్టె మీది లాట్ నంబరు ముక్క చింపి కేస్‌లతోపాటే సంచిలో వేయండి.

తేడా ఎక్కడ పుడుతుందో చూద్దాం. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్ ఉన్న రేకును ముందు గిన్నెలా నొక్కి, అచ్చులోంచి పదే పదే సాగదీస్తారు. సాగినప్పుడల్లా ఇత్తడి గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తారు. లోపలి నుంచి నొక్కే కడ్డీ రవ్వంత పక్కకు జరిగిందా, గోడ ఒకవైపు మందం, ఒకవైపు పలచన. తర్వాత ఎంత మెరుగు పెట్టినా ఆ వంకర పోదు.

ముందు తూచండి. బయటి కొలతలు ఒకటే అయినప్పుడు బరువు పెరిగితే లోపలి చోటు తగ్గినట్టే. ఇత్తడి నీటికంటే సుమారు ఎనిమిదిన్నర రెట్లు బరువు. రెండు కేస్‌ల మధ్య 17 గ్రెయిన్ల తేడా ఉంటే లోపల 2 గ్రెయిన్ల నీరు పట్టే చోటు తగ్గుతుంది. .308లో మొత్తం పట్టేదే దాదాపు 56 గ్రెయిన్లు. అంతే తూటా మందు ఇరుకు చోట కాలితే పీడనం పెరుగుతుంది. సైనిక కేస్‌లు చాలావరకు పౌర సరుకు కన్నా బరువు. రెంటినీ కలపకూడదన్నది అందుకే.

కాటా ఒక్కోసారి మోసం చేస్తుంది. అడుగు అంచు గాడి కాస్త లోతుగా కోసినా బరువు తగ్గుతుంది, లోపల మాత్రం ఏమీ మారదు. అనుమానమొస్తే నీటితో తేల్చండి. కాలిన ప్రైమర్ (అడుగున మందు అంటించే చిన్న మూత) తీయకుండా, సైజు చేయకుండా (అచ్చులో నొక్కి పాత కొలతకు తేకుండా) కేస్‌ను తూచి, ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు మూతి అంచు దాకా చుక్క చుక్కగా పోసి, బుడగ పోయేలా తట్టి, బయట తుడిచి మళ్లీ తూచండి. తేడాయే లోపలి చోటు.

అసలు ఏరివేత బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడ దగ్గర. గుండు మొన ఉన్న మైక్రోమీటర్‌తో మెడ గోడను చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.025 మిల్లీమీటర్ల లోపు తేడా మంచిది. అంతకు రెట్టింపైతే గురి పోటీకి పక్కన పెట్టండి. అలాంటి మెడలో బుల్లెట్ ఓరగా కూర్చుంటుంది. ఆ పలచన వైపు మెడ దాటి కేస్ ఒంటిదాకా సాగితే, కాల్చాక కేస్ అరటిపండులా వంగుతుంది.

శుభ్రం చేసేటప్పుడు అమోనియా ఉన్న పాలిష్ వద్దు. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం తూటాల కేస్‌లు నిల్వలోనే పగిలేవి. గుర్రపుశాలల నుంచి వచ్చే అమోనియా, తేమ, ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి మూడూ కలిసి చేసిన పని అది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ కారణం తేల్చారు. మనింట్లో బిందెలు తోమే చింతపండు నయం. ఎక్కువసేపు నానితే మాత్రం జింక్ కరిగి కేస్ ఎర్రబారుతుంది.

చివరగా, అడుగుకు కాస్త పైన ఒంటి చుట్టూ మెరిసే వలయం ఉందా చూడండి. పేపర్ క్లిప్ తీగ కొస వంచి లోపలి గోడ మీద కిందికీ పైకీ గీయండి. కొస ఎక్కడైనా గాడిలో దిగితే గోడ అక్కడ తెగబోతోందన్నమాట. ఆ కేస్‌ను పటకారుతో నొక్కి పాత ఇత్తడిలో పడేయండి.

వచ్చే పాఠానికి ఒకే ముద్ర ఉన్న 20 కేస్‌లు తూచి, బరువు వరసన పేర్చి, ఇరు చివరల నుంచి చెరి రెండు తీసి నీటితో కొలిచి రాసుకోండి. నాలుగో పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.