వ్యాక్స్ జాకెట్, బెంగళూరు వాతావరణం: ఏ సమస్యకి ఏం చెయ్యాలి

వ్యాక్స్‌డ్ కాటన్ అంటే దట్టంగా నేసిన నూలు బట్టకి మైనం పట్టించడం, అంతే. లోపల ప్లాస్టిక్ పొర లేదు, రబ్బరు కోటింగ్ లేదు, నీళ్ళు ఆపేది ఆ మైనం ఒక్కటే. తెరచాప గుడ్డకి నూనె రాసి తొడుక్కున్న సముద్రం మనుషుల దగ్గర పుట్టిన ఐడియా ఇది, 1894లో ఇంగ్లండ్‌లో సౌత్ షీల్డ్స్ అనే రేవు ఊళ్ళో మొదలైన జె. బార్బర్ అండ్ సన్స్ ఇలాంటి కోట్లు అమ్మే పెద్ద కంపెనీ అయింది. అక్కడి చలికి, సన్న తుంపరకి పుట్టిన బట్టని మనం తెచ్చి మారతహళ్ళి ట్రాఫిక్‌లో తొడుక్కుంటున్నాం, అందుకే అక్కడివాళ్ళు చెప్పే సలహాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి. ఇక్కడ ఈ జాకెట్లని ఎక్కువగా పాడుచేసేది వాన కాదు, ఎండా, మూసేసిన కబోర్డూ.

లోపల షర్ట్ తడిసిపోతోంది

ముందు ఎక్కడ తడిసిందో చూడండి, వ్యాక్స్ డబ్బా ఆర్డర్ పెట్టడం తర్వాత. వీపు, చంకలు తడిగా ఉండి భుజాలు పొడిగా ఉంటే అది వాన కాదు, మీ చెమట. మైనం పట్టిన బట్టలోంచి గాలి సరిగా ఆడదు, సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో అరగంట బండి మీద కూర్చుంటే ఎవరికైనా అంతే. దానికి ఇంకో పూత వేస్తే ఇంకా ఎక్కువవుతుంది. చాలా జాకెట్లకి చంకల కింద చిన్న ఇత్తడి కన్నాలు ఉంటాయి, గాలికోసమే అవి, ఎప్పుడో రాసిన మైనం వాటిలో గడ్డకట్టి ఉంటే అగ్గిపుల్లతో పొడిచి తీసెయ్యండి.

భుజాల మీద, మోచేతుల దగ్గర తడిస్తే అక్కడ మైనం అరిగిపోయినట్టు. మన ఊళ్ళో దీనికి మొదటి దోషి లాప్‌టాప్ బ్యాగ్. ఆ పట్టీలు రోజూ రాసుకుని రాసుకుని రెండు భుజాల మీదా మైనాన్ని తినేస్తాయి, మిగతా జాకెట్ కొత్తదానిలా ఉంటుంది. డౌటుంటే ఒక చెంచా నీళ్ళు పోసి చూడండి, బొట్లుగా జారిపోతే బానే ఉంది, బట్టలోకి ఇంకి నల్లటి మచ్చలా పరుచుకుంటే అక్కడ అయిపోయింది. గీత గీసినట్టు కుట్టు వెంబడే తడి వస్తుంటే కుట్ల మీద మాత్రం మైనం రుద్దితే చాలు.

ఇంకోటి, తుంకూర్ రోడ్డు మీద 80లో పోతూ జోరు వానలో తడిసి "ఇది వాటర్‌ప్రూఫ్ కాదా" అంటే, అంతకి కాదు. డిక్కీలో మామూలు రెయిన్‌కోట్ ఒకటి పెట్టుకోండి, పైన వేసుకోడానికి.

మైనం మళ్ళీ పట్టించడం ఎలా

ఏడాదికోసారి అంటారు కంపెనీల వాళ్ళు. మనం రోజూ వేసుకోం కాబట్టి అరిగిన చోట మాత్రం పట్టించి వదిలేస్తే సరిపోతుంది, జాకెట్ మొత్తం ఊరికే ముంచెత్తక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మధ్యాహ్నం దీనికి బెస్ట్, బట్ట వెచ్చగా ఉంటే మైనం లోపలికి పాకుతుంది, డిసెంబర్ సాయంత్రం చేస్తే పైపైనే గడ్డకట్టి చారలు పడుతుంది.

ముందు చన్నీళ్ళలో పిండిన స్పాంజ్‌తో దుమ్ము తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, సబ్బు వద్దు. తర్వాత వ్యాక్స్ డబ్బా మూత తీసి వేడి నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి, స్టవ్ మీద డైరెక్ట్‌గా మాత్రం పెట్టొద్దు, మైనం అంటుకుంటే నీళ్ళు పోసి ఆర్పలేం, పోస్తే మంట ఇంకా ఎగసిపడుతుంది. కరిగిన నెయ్యిలా అయ్యాక పాత బనీను ముక్కతో కొంచెం కొంచెం తీసుకుని గుండ్రంగా రుద్దండి, కుట్లు, మోచేతి మడతలు, భుజాలు రెండోసారి. జేబుల లోపల, కాలర్‌కి ఉండే కార్డురాయ్ (గీతలు గీతలుగా ఉండే మెత్తటి గుడ్డ) మీద, జిప్ మీద పడకుండా చూసుకోండి. అసలు పని తర్వాతిది, హెయిర్ డ్రయర్ పెట్టి అరచెయ్యంత ముక్క ముక్కగా వేడి చేస్తూ అదే గుడ్డతో తుడుస్తూ పోవాలి, అప్పటిదాకా తెల్లగా, బంకగా కనిపించేది ఒక్కసారిగా బట్టలోకి ఇంకి అంతా ఒకే రంగులోకి వస్తుంది. మెరుస్తూ పైన నిలిచిందంటే ఎక్కువైనట్టు, తుడిచెయ్యండి. ఒక రాత్రి హ్యాంగర్‌కి వేసి, సోఫాకీ బట్టలకీ దూరంగా ఉంచండి.

ఇంట్లోనే మైనం కలుపుకుంటాం అనేవాళ్ళు కొవ్వొత్తి మైనం, తేనె మైనం కలిపి వాడొచ్చు, తేనె మైనం ఎక్కువైతే బట్ట జిడ్డుగా ఉంటుంది. అవిసె నూనె కలపమని కొందరు చెప్తారు, నేనైతే వద్దంటాను. అది కాలంతో పసుపు రంగుకి తిరిగి గట్టిపడుతుంది, అంతకంటే ముఖ్యం, ఆ నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాడితే గుడ్డని విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారెయ్యండి.

తెల్లగా, పచ్చగా మచ్చలు, ముక్కిన వాసన

బూజు. జూన్ నుంచి అక్టోబర్ దాకా మన అపార్ట్‌మెంట్లలో బయటి గోడకి ఆనించిన కబోర్డులన్నీ చెమ్మే, అందులో తడి జాకెట్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే బూజు రాక ఏమవుతుంది. నాఫ్తలీన్ గోళీలు బూజుని ఆపవు, పైగా ఆ వాసన మైనంలో ఇరుక్కుని నెలల తరబడి పోదు.

ముందు అది బూజో మైనమో తేల్చుకోండి. మడతల దగ్గర తెల్లటి గీతలుంటే, డ్రయర్ పెడితే మాయమైతే అది గట్టిపడిన మైనమే, కంగారు అక్కర్లేదు. వేడికి పోకుండా మెత్తగా బొచ్చులా ఉంటే బూజు. బాల్కనీలోకి తీసుకెళ్ళి, ముక్కుకి మాస్క్ కట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి, రూములో దులిపితే అదంతా పరుపు మీదే పడుతుంది. తర్వాత వైట్ వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి గుడ్డతో తుడవండి, ముందు లోపల కనపడని చోట రంగు పోతుందేమో చూసుకోండి. బ్లీచ్ జోలికి పోవద్దు. నీడలో గాలికి రెండు మూడు రోజులు ఆరేసి, ఆ చోట మైనం తగ్గి ఉంటే పట్టించండి. వాసన పోయినా మచ్చ నీడ మిగలొచ్చు, అది అలాగే ఉంటుంది.

వానాకాలంలో కబోర్డు మానేసి తలుపు వెనక కొక్కేనికి తగిలించెయ్యండి, వెడల్పు హ్యాంగర్ మీద, గోడకి తగలకుండా.

జిడ్డుగా ఉంది, సీటుకి అంటుకుంటోంది

మైనం ఎక్కువ పట్టించి ఉండాలి, లేదా ఎండలో వదిలేసి ఉండాలి. సమ్మర్‌లో మూసిన కారు లోపల 50 డిగ్రీలు ఈజీగా దాటుతుంది, అక్కడ జాకెట్ పడేస్తే మైనం మెత్తబడి సీటు కవర్ మీదకి దిగుతుంది. డ్రయర్‌తో వేడి చేసి పాత కాటన్ గుడ్డకి ఎక్కువైనది పీల్చనివ్వండి, గుడ్డ మారుస్తూ ఉండండి. లేత రంగు సోఫా ఉన్నవాళ్ళింటికి కొత్తగా రాసిన జాకెట్ వేసుకెళ్ళకండి, ఆ ఇంట్లో మళ్ళీ కాఫీ ఇవ్వరు.

వాషింగ్ మెషిన్‌లో పడింది

ఊరి నుంచి అమ్మో అత్తయ్యో వచ్చి "ఇంత మురికి పట్టించుకుని ఎలా తిరుగుతున్నావురా" అని జాలిపడి వేసేస్తారు, వాళ్ళ తప్పేం లేదు, చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. సబ్బూ వేడినీళ్ళూ కలిసి మైనాన్ని మచ్చలు మచ్చలుగా లేపేస్తాయి, ఆ మచ్చల మీదే అక్కడక్కడ పూత వేస్తే పులిచారలు వస్తాయి. నీడలో పూర్తిగా ఆరబెట్టి ఈసారి మాత్రం మొత్తం జాకెట్‌కి ఒకేసారి పట్టించాలి. మెషిన్‌లో పాత తువ్వాలు ఒక్కటే వేసి వేడినీళ్ళతో ఒకసారి తిప్పండి, లేకపోతే తర్వాతి వాయి షర్టులకి అంటుతుంది. డ్రై క్లీనింగ్ ఇంకా ఘోరం, ఆ కెమికల్ మైనాన్ని కరిగించేస్తుంది. పెట్రోల్‌తో గ్రీజ్ మరక తీద్దామనుకునేవాళ్ళకీ ఇదే జరుగుతుంది.

జిప్, చిరుగు

జిప్ బిగుసుకుంటే పళ్ళని పాత టూత్‌బ్రష్‌తో తోమి కొవ్వొత్తి రుద్దండి, కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టేస్తుంది. చిరిగితే ఇస్త్రీ పెట్టి అంటించే అతుకులు మైనం మీద నిలవవు, కుట్టించాల్సిందే. ముట్టుకోగానే చేతికి జిడ్డు అంటడంతో టైలర్లు చాలామంది మెషిన్ పాడవుద్దని వద్దంటారు, చేత్తో కుట్టేవాళ్ళని గానీ చెప్పులు కుట్టేవాళ్ళని గానీ అడగండి, గట్టి పాలిస్టర్ దారం, లోపలి వైపు నుంచి కాటన్ ముక్క. కుట్టాకే మైనం పట్టించండి, ముందే పట్టిస్తే సూది వేసిన కన్నాల్లోంచి నీళ్ళు దిగుతాయి.