ఎథిక్స్ జవాబులో హామర్‌షోల్డ్‌ను ఎట్లా రాయాలి

సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాస్తున్న నల్లగొండ, పాలమూరు అభ్యర్థులకు ఇది. జీఎస్-4లో, అంటే ఎథిక్స్ పేపర్‌లో, తటస్థత మీద ప్రశ్న వస్తే ఐక్యరాజ్యసమితి (ఐరాస) ప్రధాన కార్యదర్శిగా చేసిన డాగ్ హామర్‌షోల్డ్ మంచి ఉదాహరణ. కానీ "గొప్ప శాంతిదూత" అని రాసి వదిలేస్తే మార్కులు పడవు. ఆయన చేసిన ఒక్క పనిని తేదీతో, కారణంతో చూపించాలి.

10 మార్కుల జవాబు 150 పదాలు, చేతిలో ఉండేది 7 నిమిషాలు. నిర్వచనానికి 25 పదాలు, సంఘటనకు 80, మన పాలనతో ముడిపెట్టడానికి 45 పెట్టుకోండి. కెరీర్ ఒక్క వాక్యంలో తేల్చేయాలి: స్వీడన్ ఆర్థికశాఖలో, తర్వాత విదేశాంగశాఖలో ఉన్నతాధికారి, 1953 నుంచి ఐరాస ప్రధాన కార్యదర్శి.

సంఘటనకు 1956 సూయజ్ సంక్షోభం తీసుకోండి. సూయజ్ కాలువను జాతీయం చేసిన ఈజిప్టు మీద ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ దాడి చేశాయి. భద్రతామండలిలో బ్రిటన్, ఫ్రాన్స్ వీటో చేయడంతో విషయం సర్వసభ్య సభకు వెళ్లింది. శాంతిసేనకు 48 గంటల్లో ప్రణాళిక ఇవ్వమని సభ నవంబర్ 4న ఆయన్ను అడిగింది. 15వ తేదీకల్లా తొలి దళాలు ఈజిప్టులో దిగాయి. నీలి టోపీలు కుట్టించే వ్యవధి లేక హెల్మెట్ల లోపలి తొడుగులకే నీలిరంగు కొట్టారు. ఈ చిన్న వివరం రాస్తే జవాబుకు ప్రాణం వస్తుంది.

అసలు తప్పు జరిగేది నిర్వచనంలోనే. తటస్థత అంటే ఊరుకోవడం అని రాస్తారు. చెరువు కింద నీరటిని గుర్తు తెచ్చుకోండి. రెండు వర్గాలు కొట్లాడుతుంటే తూము మూసి కూర్చునేవాడు నీరటి కాదు. ఎవరేమన్నా వంతు ప్రకారం నీళ్లు వదిలేవాడే నీరటి. ఐరాస చార్టర్ 100వ అధికరణం చెప్పేదీ దాదాపు ఇదే: సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదు. తటస్థ దేశాలుంటాయి గానీ తటస్థ మనుషులుండరని సోవియట్ నేత కృశ్చేవ్ వాదించాడు. 1961 మే నెలలో ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో హామర్‌షోల్డ్ దానికి జవాబిచ్చారు. ఈ రెండు వాదనలూ పక్కపక్కన పెడితే మీ జవాబులో చర్చ కనిపిస్తుంది. చివరి 45 పదాల్లో 1968 అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళిని తప్పక తేవాలి.

పొరపాట్లు చూసుకోండి. ఆయన తొలి ప్రధాన కార్యదర్శి కాదు, ట్రిగ్వే లీ తర్వాత రెండోవారు. 1961 నోబెల్ శాంతి బహుమతి మరణానంతరం వచ్చింది. ఆఫ్రికాలో ఎన్‌డోలా (ఇప్పటి జాంబియా) దగ్గర ఆయన చనిపోయిన విమాన ప్రమాదాన్ని హత్య అని తేల్చి రాయొద్దు, అది తేలని విషయం.