గూనపెంకుల ఇంటి బీమా నిలవాలంటే

పరకాలలో మా అమ్మ ఉండేది గూనపెంకుల ఇల్లు. పోయిన వేసవి గాలివానకు వంటింటి మీది పెంకులు లేచిపోయాయి. క్లెయిమ్ వేస్తే, అది పాత అరుగుదల అని కంపెనీ కొట్టేసింది. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ గాలివాన నష్టానికి వర్తిస్తుంది, కాలంతో వచ్చే అరుగుదలకు వర్తించదు. గొడవంతా ఆ రెంటి మధ్యే.

అందుకే ఏటా మార్చిలో, ఈదురుగాలులు మొదలుకాక ముందే, పైకప్పు ఫోటోలు తీసిపెట్టుకోండి. బయటి నుంచే కాదు, లోపల దూలాలు, వాసాలు కూడా. చెదలు లేవని కనబడాలి. పగిలిన పెంకులు మార్పించి, తేదీ వేసి మేస్త్రీతో రసీదు రాయించుకోండి. మా అమ్మ దగ్గర ఇవేవీ లేవు. ముందే చెప్పలేకపోయానే అన్న బాధ నాకు ఇంకా పోలేదు.

పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో పెంకుటిల్లును స్లాబు ఇల్లని ఎవరు రాయమన్నా రాయొద్దు. ఏజెంటు నింపినా సంతకం మీది. అబద్ధం బయటపడితే క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు.

పెంకులు లేచిన రోజే కంపెనీకి చెప్పండి. టార్పాలిన్ కప్పే ముందు ఫోటో తీయండి, నష్టం అంచనా వేసే సర్వేయరు చూసేదాకా విరిగిన ముక్కలు పారేయొద్దు. క్లెయిమ్ ఇవ్వబోమని కంపెనీ అంటే కారణం రాతలో అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాసి, తేలకపోతే బీమా నియంత్రణ సంస్థ (IRDAI) ఫిర్యాదుల నంబరు 155255కు ఫోన్ చేయండి. ఆ తర్వాత హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ ఫీజు లేదు.