ఊపిరితిత్తి బయాప్సీ బిట్టు చూడాలంటే: స్టెయిన్లకు తొందరపడకండి

కొత్తగా వచ్చిన పీజీ అమ్మాయి, స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెట్టకముందే "మేడమ్, ఆరు మార్కర్లు పెట్టేద్దామా?" అంది. మార్కర్లంటే క్యాన్సర్ రకం తేల్చడానికి కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించే ప్రత్యేక స్టెయిన్లు. బ్లాకు తీసి చూపించాను. మైనంలో సేమియా ముక్కల్లాంటి మూడు బిట్లు. "ఇదంతా స్టెయిన్లకే కోసేస్తే రేపు మందు ఎంచుకోవడానికి చేసే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యు పరీక్షలకు ఏం పంపుతావు తల్లీ?"

ముందు మామూలు హెచ్ అండ్ ఈ (నీలం, గులాబీ రంగులు వేసిన) స్లైడే, అదీ తక్కువ పెంచి చూపే 4ఎక్స్ లెన్స్‌లో. ఎర్రగడ్డ అంటే ఊరందరికీ పిచ్చాసుపత్రి, మాకు మాత్రం ఛాతీ ఆస్పత్రి. కాబట్టి గ్రాన్యులోమాలు (టీబీ లాంటి జబ్బుల్లో రక్షణ కణాలు కట్టే ముద్దలు) ఉన్నాయేమో మొదట వెతకాలి. టీబీ కూడా స్కాన్‌లో గడ్డలాగే కనిపిస్తుంది.

కణాలు గ్రంథుల్లా గుండ్రంగా చేరినా, మ్యూసిన్ (జిగురు) ఉన్నా అడినోకార్సినోమా అనే క్యాన్సర్. గులాబీ రంగు కెరటిన్ ఉల్లిపొరల్లా చుట్టుకుని, కణానికీ కణానికీ మధ్య సన్నని వంతెనలుంటే స్క్వామస్ రకం క్యాన్సర్. ఈ రెండూ స్పష్టంగా ఉంటే మార్కర్ల అవసరమే అంతగా ఉండదు.

స్మాల్ సెల్ అనే మూడో రకం దగ్గరే జాగ్రత్త. సైటోప్లాజమ్ దాదాపు ఉండదు. కేంద్రకాలు సాయంత్రం మెహదీపట్నం బస్సులో జనంలా ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. క్రొమాటిన్ సన్నరవ్వ చల్లినట్టుంటుంది. ఫోర్సెప్స్ నలిపిన చోట కాటుక చెరిగినట్టు నీలం చారలు. అయితే నలిగితే కార్సినాయిడ్ అనే నెమ్మదిగా పెరిగే గడ్డ కూడా అలాగే కనిపిస్తుంది. ఏళ్ల క్రితం అలాంటి బిట్టుకి స్మాల్ సెల్ అని రిపోర్టు టైపు చేయించేశాను. సంతకం పెట్టబోతూ, మైటోసిస్ (విడిపోతున్న కణం) ఒక్కటీ కనబడలేదే అని అనుమానమొచ్చి కీ-67 (ఎన్ని కణాలు విభజన బాటలో ఉన్నాయో చూపే మార్కర్) వేయిస్తే పట్టుమని 5 శాతం కూడా లేదు! స్మాల్ సెల్‌లో అది సాధారణంగా 80 దాటుతుంది. స్మాల్ సెల్ అయితే కీమో, కార్సినాయిడ్ అయితే ఆపరేషన్. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

గ్రంథులూ కెరటిన్ రెండూ లేకపోతే రెండే మార్కర్లు: టీటీఎఫ్-1, పీ40. మొదటిది పాజిటివ్ అయితే అడినో వైపు, రెండోది గట్టిగా పట్టేస్తే స్క్వామస్. మధ్యలో ఇరుక్కున్న మామూలు గాలిగదుల కణాలకూ టీటీఎఫ్-1 పడుతుంది, వాటిని చూసి మోసపోవద్దు. థైరాయిడ్ క్యాన్సర్‌కీ పడుతుంది. అందుకే పాత ఆపరేషన్ల సంగతి వార్డుకి ఫోన్ చేసి అడగాలి. ఫారంలో ఎవరూ రాయరు. ఇక లార్జ్ సెల్ అనే ఇంకో రకం పేరు చిన్న బిట్టు మీద రాయకూడదు, దానికి కోసి తీసిన గడ్డ మొత్తం చూడాలి.

ఆ అమ్మాయి రెండే వేసింది. ట్యూమర్ కేంద్రకాలు టీటీఎఫ్-1తో గోధుమ రంగుకి తిరిగాయి, పీ40 ఖాళీ. మిగిలిన బ్లాకుకి "ఇక కోయొద్దు" అని చీటీ తనే అంటించింది.